గడి, గ్రంథాలయము, గని: తెలంగాణ నవలలో రాచరికమును ఎదిరించిన వర్గములు

నిరంకుశ రాచరికముపై జరిగిన తిరుగుబాటును చిత్రించు నవలను పరిశీలించునపుడు విమర్శకుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఆ తిరుగుబాటునకు ప్రాణమైన భావములేవి? ఆ భావములను మోసిన వర్గములేవి? హైదరాబాదు సంస్థానమును గూర్చిన తెలుగు నవలలు మొదటి ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినవి. రెండవదానికి చెప్పిన సమాధానమున ఒక లోపము కలదు. రామగుండము, గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణములలో ఈ నవలలను పాఠముగా చెప్పు అధ్యాపకునకు ఆ లోపము స్ఫురింపక మానదు.

ముందు భావముల సంగతి. 1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి సమావేశము జరుపుకొనిన ఆంధ్ర మహాసభ ప్రధానముగా విద్యావంతుల సంస్థ. మాతృభాషలో విద్య, గ్రంథాలయము దాని తొలి ఆశయములు. వెట్టి నిర్మూలనమును అది కోరినను, వెట్టిచేయువారు పెద్ద సంఖ్యలో సభకు చేరువైనది తరువాతనే. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభతో మితవాదులు వేరుపడిరి. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరగిన పిదప పోరాటము సాయుధరూపమునకు దారితీసెను. భూమి ప్రశ్న ముందునకు వచ్చెను. ఈ విధముగా అక్షరము, ఆత్మగౌరవము, భూమి అను మూడు భావములు వేర్వేరు వర్గములనుండి బయలుదేరి ఒక్క ప్రవాహమైనవి.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’లో ఈ ప్రవాహము పుట్టుక కనిపించును. ఒకవైపు దొర రామభూపాలరావు, మరియొకవైపు అతని బాధితులు. వారి నడుమ చైతన్యమును తెచ్చువాడు చదువుకొనిన కంఠీరవుడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన రచయితకు, పుస్తకము ద్వారా ఊరు మేల్కొనునను విశ్వాసము సహజమే. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’లోను గడి గుట్టును మనకు చూపునది బయటినుండి వచ్చిన సంగీతకారుడు సారంగపాణి చూపే. అయినను ఆ నవలలో వర్గసంబంధమును నిశితముగా తెలుపునది ఆడబాప వనజ పాత్ర. ఆమె గడిలో నివసించును. గడికి చెందిన మనిషి మాత్రము కాజాలదు. నవల పేరే ఒక సిద్ధాంతమును సూచించుచున్నది: పెద్ద దేవుడు హైదరాబాదులో నుండగా, అతని అధికారము ఊరిలో చిల్లర దేవుళ్ల రూపమున చెల్లుబాటగును.

ఈ సిద్ధాంతము గ్రామమునకు సరిపోవును, గనికి సరిపోదు. 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ సంస్థానమున గనుల హక్కులు పొందెను. ఇల్లెందులో మొదలైన త్రవ్వకము బెల్లంపల్లికి, కొత్తగూడెమునకు విస్తరించెను. 1945లో నిజాము ప్రభుత్వము సింగరేణి కంపెనీ వాటాలలో అధికభాగము కొనెను. ఆ నాటినుండి రాజ్యమే యజమాని యయ్యెను. ఇచట ప్రభువునకును శ్రామికునకును నడుమ గడి లేదు. 1946లో ముఖ్దూం మొహియుద్దీన్ నాయకత్వమున అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడుటతో కూలి, సంఘము అను నాల్గవ భావము కూడ రంగమునకు వచ్చెను. పై రెండు నవలలలో ఈ భావమునకు ప్రధానస్థానము లేదు.

ఉద్యమకేంద్రము గ్రామమే కదా, నవల అన్నిటిని చెప్పవలెనా యని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే; రచయితలను నిందించుట మన పని కాదు. కాని ఫలితమును గమనింపవలెను. దొర ఒక్కడే రాచరికమునకు ముఖమైనచో, దొర తొలగగానే విప్లవము ముగిసినట్లు పాఠకునకు తోచును. ఫ్రాన్సు చరిత్ర ఈ భ్రమను తొలగించును. 1789 ఆగస్టు 4 రాత్రి భూస్వామ్యహక్కుల రద్దును ప్రకటించిన సభయే, 1791లో శ్రామికులు సంఘములుగా కూడుటను నిషేధించెను. రైతునకు విముక్తి కలిగించు విప్లవము కార్మికునకును కలిగించునని నియమము లేదు.

ఈ దృష్టితో సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీము’ నవలకు విశేష ప్రాధాన్యము కలదు. 1940లో జోడేఘాట్‌లో అమరుడైన గోండు వీరుని కథ యిది. భీము ఎదుర్కొనినది కేవలము ఒక దొరను గాదు. అటవీశాఖను, పోలీసును, అనగా రాజ్యయంత్రమును. నాయకుడు బయటినుండి వచ్చిన విద్యావంతుడు గాక, పీడితులలోనే పుట్టినవాడు. రాచరికమును వ్యక్తి క్రౌర్యముగా గాక వ్యవస్థగా చూచిన ఈ రచయితలలో ఒకరు, గోదావరిఖనికి చేరువనున్న మంథని ప్రాంతమువాడగుట గమనార్హము. గనిశ్రామికుని జీవితమెరిగిన నేలనుండి ఈ చూపు వచ్చుట కేవలము యాదృచ్ఛికమని నేను తలపను.

రామగుండము ప్రాంతమున బొగ్గు త్రవ్వకము రాచరికము అంతరించిన తరువాత పెరిగినది. ఆ గనులకు పల్లెలనుండి వచ్చిన కుటుంబములు పెక్కు. వెట్టి మాటను ఇంటిలో విని, షిఫ్టు సైరను వీధిలో విన్న వారి సంతతి నేడు మన తరగతులలో కూర్చుండియున్నది. గడి కథ వారి తాతలది. గని కథ వారి తండ్రులది. ఈ రెంటిని కలుపు వంతెన మన నవలావిమర్శలో ఇంకను బలపడవలసియున్నది. పరిశోధకులు వృద్ధకార్మికుల నోటిమాటలను సేకరించి, ఈ నవలల ప్రక్కన నుంచి చదివినచో, తిరుగుబాటు ఎవరిదను ప్రశ్నకు ఇంతకంటె సమగ్రమైన సమాధానము లభింపగలదు.