భయమూ, నిర్ణయమూ: అఫ్ఘాన్ పరిశోధనపై ఒక విమర్శ

నేరాలూ హింసా ఒక సమాజాన్ని చుట్టుముట్టినప్పుడు మనిషి నిర్ణయశక్తి ఏమవుతుంది? ఈ ప్రశ్నను కొందరు ఆర్థికశాస్త్రజ్ఞులు ప్రయోగాల ద్వారా పరిశీలిస్తున్నారు. వాటిలో ముస్లిం పాఠకులు ప్రత్యేకంగా గమనించదగినది అఫ్ఘానిస్తాన్‌లో జరిగిన పరిశోధన. మైకేల్ కాలెన్, ముహమ్మద్ ఇసహాఖ్‌జాదా, జేమ్స్ లాంగ్, చార్లెస్ స్ప్రెంగర్ కలిసి రాసిన ఆ వ్యాసం 2014లో ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’లో వెలువడింది. దాని గుణదోషాలను మన ఫిఖహ్ సంప్రదాయం వెలుగులో పరిశీలించడమే ఇక్కడి ఉద్దేశం.

ముందుగా వారి పద్ధతి. సామాన్య పౌరులలో కొందరిని తమకు భయం కలిగించిన ఒక సంఘటనను గుర్తు చేసుకొమ్మన్నారు. మిగిలినవారిని అలాంటి భయంతో సంబంధం లేని సంఘటనలు గుర్తు చేసుకొమ్మన్నారు. ఎవరిని ఏది అడగాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. పిదప డబ్బుతో కూడిన ఎంపికలను వారి ముందుంచారు. కొన్నింటిలో ఫలితం ఖాయం, కొన్నింటిలో అవకాశం మీద ఆధారం. ఎక్కడెక్కడ హింస జరిగిందో సైనిక రికార్డుల నుండి తెలుసుకొని, ఈ సమాధానాలతో పోల్చి చూశారు. హింసకు చేరువలో ఉన్నవారు భయాన్ని తలచుకున్నప్పుడు, ఖాయమైన దాని కోసం ఎక్కువ వదులుకోవడానికి సిద్ధపడ్డారని తేలింది.

ఆర్థికశాస్త్రంలో ప్రామాణికంగా చెలామణి అయ్యే సిద్ధాంతం ప్రకారం, ఒక లాభం దక్కే అవకాశం నూటికి 89 పాళ్ల నుండి 90కి పెరిగినా, 99 నుండి 100కి పెరిగినా ఆ పెరుగుదల విలువ ఒక్కటే. ‘ఖాయం’ అన్న మాటకు విడిగా వెల ఉండరాదు. మనుషులు అలా ప్రవర్తించరని ఫ్రెంచి పండితుడు మోరిస్ అలే 1953లోనే ఎత్తిచూపాడు. ఈ నిశ్చయాకాంక్షను భయస్మృతి మరింత పెంచుతుందని చూపడమే అఫ్ఘాన్ పరిశోధన సాధించిన విషయం. దీనిని తక్కువగా చూడరాదు.

మన పాఠకులకు వెంటనే తోచే అభ్యంతరం ఒకటుంది. లాటరీ వంటి ఎంపికలతో ముస్లింల మనసును కొలవడం సబబా? మైసిర్‌ను హరాంగా ఎంచే వ్యక్తి దాన్ని కాదంటే అది భయమా, ధర్మనిష్ఠా? ఈ అభ్యంతరం సగమే నిలుస్తుంది. ధర్మనిష్ఠ గలవారు ఏ ప్రశ్న పడిన వర్గంలోనైనా దాదాపు సమంగానే ఉంటారు కనుక, ఆ వర్గాల మధ్య కనిపించిన తేడాకు మైసిర్ కారణం కాజాలదు.

ఇతర దేశాల ఫలితాలు ఏకాభిప్రాయానికి రాలేదన్నది కూడా గమనార్హం. 2006 చివర మెక్సికోలో మాదకద్రవ్య ముఠాలపై ప్రభుత్వం పోరు మొదలుపెట్టిన తరువాత హత్యలు పెచ్చుపెరిగాయి. అంతకు ముందూ, ఆ తరువాతా అవే కుటుంబాలను ప్రశ్నించిన ఒక అధ్యయనం 2019లో వెలువడింది. హింసాత్మక నేరం పెరిగిన చోట ప్రజలు ముప్పుకు మరింత దూరం జరిగారని అది చెబుతుంది. కెన్యాలో 2007 ఎన్నికల అనంతర హింసపై జరిగిన పరిశోధనా అదే చెప్పింది. కాని బురుండీ అంతర్యుద్ధంపై 2012లో వచ్చిన వ్యాసం, హింసను చవిచూసినవారు ముప్పుకు మరింత సాహసించారనీ, ఇరుగుపొరుగు పట్ల మరింత ఔదార్యం చూపారనీ అంటుంది. కాబట్టి ‘భయం మనిషిని ఇలా మారుస్తుంది’ అని ఒక్క మాటలో తేల్చడం తొందరపాటు.

అసలు లోపం వేరొకటి. ఈ పరిశోధకులు భయం ఎంత మార్పు తెచ్చిందో కొలిచారు. ఆ భయం సకారణమా అని విడిగా అడగలేదు. మన ఫుఖహాలు మొదట అడిగినది ఈ ప్రశ్ననే. యఖీన్, జన్న్, షక్, వహమ్ అని వారు ఎరుకను అంతరాలుగా విభజించారు. ఖిబ్లా తెలియని బాటసారి శక్తికొద్దీ ఆరా తీసి, మనసుకు బలంగా తోచిన దిక్కుకు తిరిగి నమాజు చేస్తే, తరువాత పొరపాటని తేలినా హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ నమాజు చెల్లుతుంది. బావి దగ్గర శత్రువో క్రూరమృగమో ఉన్నదన్న భయముంటే, నీరు ఎదుటే ఉన్నా తయమ్ముమ్ చేయవచ్చు. దారి భద్రంగా లేకపోతే హజ్ యాత్ర బాధ్యత వాయిదా పడుతుంది. ఈ తీర్పులలో భయపడిన మనిషి నియమాన్ని తప్పినవాడు కాడు; సకారణమైన భయం నియమంలోనే లెక్కకు వస్తుంది. వట్టి వహమ్‌కు మాత్రం ఆ హోదా లేదు. వుజూ చేసిన సంగతి ఖాయంగా తెలిసి, అది భంగమైందేమోనన్న అనుమానం మాత్రమే ఉంటే వుజూ నిలిచే ఉంటుంది.

అఫ్ఘాన్ వ్యాసంలోని ఆధారమే ఈ విభజనను కోరుతున్నది. భయస్మృతి ప్రభావం హింసకు చేరువలో ఉన్నవారిలోనే ప్రస్ఫుటమైందంటే, ఆ భయం ఊహాజనితం కాదన్నమాట. అలాంటివారి ఎంపికకు ‘ఉల్లంఘన’ అని పేరు పెట్టారు. అది సిద్ధాంత పరిభాష అని తెలిసినా, చదువరి చెవికి నింద లాగే వినిపిస్తుంది. అనువాదకుడిగా నాకిది స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వైఖరిని తెలుగులో ‘పిరికితనం’ అంటే ఒక తీర్పు, ‘జాగ్రత్త’ అంటే మరొక తీర్పు. అరబ్బీలోని ‘ఇహ్తియాత్’ను ఫుఖహాలు గుణంగానే ఎంచారు.

చివరి మాట మరింత ముఖ్యమైనది. తమ ఫలితాలు విధాననిర్ణేతలకే గాక, సరుకులు అమ్ముకునేవారికీ అక్కరకు రాగలవని రచయితలు సూచించారు. భయపడిన మనిషి భరోసా కోసం ఎంత చెల్లిస్తాడో వ్యాపారికి తెలిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. గత్యంతరం లేనివాని అవసరాన్ని ఆసరా చేసుకొని బేరమాడడాన్ని మన ధర్మశాస్త్రం నిరసించింది. దివ్య ఖుర్‌ఆన్ సూరా ఖురైష్‌లో ఆకలికి అన్నమూ, భయం నుండి భద్రతా కలిసే దైవానుగ్రహాలుగా పేర్కొనబడ్డాయి. సూరా నిసా 83వ ఆయతు, భద్రతకో భయానికో సంబంధించిన వార్తను అందగానే చాటించేవారిని మందలించి, దానిని నిజం రాబట్టగల బాధ్యుల వద్దకు చేర్చాలని బోధిస్తుంది. అంటే భయాన్ని విచారించడమూ, భద్రతను కల్పించడమూ పాలకుల, పండితుల బాధ్యత. ప్రజల నిశ్చయాకాంక్షను సరిదిద్దడానికి ముందు, వారి వీధిని సురక్షితం చేయాలి.

ఈ పరిశోధనలను మన విద్యార్థులు తప్పక చదవాలి. వాటి కొలతలను నేర్చుకోవాలి. రేపు వారే అలాంటి ప్రశ్నావళి తయారుచేసినప్పుడు, ‘మీరు దేనికి భయపడ్డారు?’ అన్న ప్రశ్న పక్కనే ‘ఆ భయానికి ఆధారమేమిటి?’ అన్న ప్రశ్ననూ చేర్చగలిగితే, పాత ఫిఖహ్ కొత్త శాస్త్రానికి చేయగల సేవ అదే.