మొగులయ్య గొంతు, పన్నెండు మెట్లు

దర్శనం మొగులయ్య గొంతులో నునుపు వెతకకండి. పై స్థాయిలో ఎత్తుకుంటాడు, అక్కడే నిలబడతాడు, చివరి అక్షరాన్ని విసిరినట్టు వదిలేస్తాడు. వదిలిన చోట చేతిలోని కిన్నెర అందుకుంటుంది. గొంతు పలికిన వరుసనే తీగ మళ్లీ పలుకుతుంది, కాకపోతే మెత్తగా, కాస్త ముక్కుతో అన్నట్టు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం నడుమ ఆయన ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతుంది. ఆయన పాటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్షణం అదే.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట ఆయన ఊరు, నల్లమల అంచున. పన్నెండు మెట్ల కిన్నెర తాతతండ్రుల నుంచి వచ్చింది. వెదురు, ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు అతికే తేనెమైనం, పైన పూసలు, అద్దాలు, నెమలి ఈకలు. చాలావరకు అడవీ చేనూ ఇచ్చిన సరుకే. వాద్యం పాతది. పాల్కురికి సోమన బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. అక్కడ శివుడి ముందు మోగిన కిన్నెర, పాలమూరు పల్లెల్లో వంశకథలు పాడే డక్కలివాళ్ల చేతుల్లో, జనం ముందు మోగుతూ వచ్చింది. దేవుడు ఓపిగ్గా వింటాడేమో గానీ వాకిట్లో నిలబడ్డ మనిషి వినడు. రక్తి కట్టకపోతే లోపలికి వెళ్లిపోతాడు. మొగులయ్య గొంతుకు అంత ఎత్తు అలా వచ్చిందనే అనుకుంటాను.

ఆయన చెప్పే కథల్లో నా లెక్కకు శిఖరం పండుగ సాయన్నది. నిజాం కాలంలో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు వీరుడు సాయన్న. మొగులయ్య ఆ కథను వార్త చెప్పినట్టు, నిన్ననే జరిగినట్టు చెబుతాడు. గొంతు వణికించి ఏడిపించే పని పెట్టుకోడు. ఆ బాధేదో కిన్నెర చూసుకుంటుంది.

తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆయన్ను విన్నది మాత్రం 2021 సెప్టెంబరు 2న వచ్చిన ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో. తమన్ సంగీతం. కథానాయకుడు పుట్టిన అడవినీ, కన్నవాళ్లనూ చెబుతూ మొగులయ్య ఎత్తుకుంటాడు. సినిమా వీరుడికి ఊరూ వంశమూ కట్టిపెట్టడానికి వంశకథలు పాడే గొంతునే పిలవడం మంచి ఎంపిక. కానీ డప్పులూ కోరసూ దిగగానే కిన్నెర మునిగిపోతుంది. పాట పెద్ద హిట్టు. నేను మాత్రం ఆ మొదటి భాగం వినేసి ఆపేస్తుంటాను.

అలా ఆపేసినప్పుడల్లా కైరో గాయని ఉమ్ కుల్సుం గుర్తొస్తుంది. ఆమె ఒక్క పాటను గంటదాకా సాగదీసేది. నచ్చిన చరణం జనం మళ్లీ అడిగేవారు, ఆమె ప్రతిసారీ ఒక కొత్త మలుపుతో పాడేది. నెలకోసారి గురువారం రాత్రి ఆ కచేరీని ఈజిప్టు రేడియో మోసుకెళ్లేది. 1975లో ఆమె పోయినా ఆ జనం కేకలతో సహా పాటలు మిగిలాయి. వినేవాళ్లను బట్టి పెరిగే పాటే మొగులయ్యదీ. మనం ఎక్కువగా దాచుకున్నవి తునకలు: టీవీ స్టూడియోలో మూడు నిమిషాలు, సన్మానసభలో రెండు, ఎవరో ఫోన్లో పట్టిన ఇంకొంచెం. వాటిలోనూ ఫోన్లో పట్టినవే నయం. మైకు బొంగురుపోయినా, పక్కన బండి హారన్ కొట్టినా, తీగ అక్కడ స్పష్టంగా వినపడుతుంది.

మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేళ్లకే, 2024లో, ఆయన హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తున్న దృశ్యాలు వార్తలకెక్కాయి. పతకం పెట్టుకున్న ఫొటో పక్కన ఆ దృశ్యం చూసి సిగ్గుపడనివాళ్లు ఉండరనుకుంటాను.

ఎనిమిదో తరగతి పుస్తకంలో ఆయన మీద పాఠం పెట్టారు. సంతోషమే. ఆ పాఠం చెప్పే రోజున గద్వాలలోనో వనపర్తిలోనో పంతుళ్లు సినిమా పాట పక్కనపెట్టి, సాయన్న కథ ఓ అరగంట వినిపించగలిగితే బాగుండును. ఆ అరగంటను మంచి మైకులు పెట్టి, వినేవాళ్లను కూర్చోబెట్టి, మధ్యలో కోయకుండా ముందుగా రికార్డు చేయాలి. ఖర్చు కూడా పెద్దగా కాదు.