ఏకవచన ‘దే’కు తెలుగు సమానకం: సర్వనామమా, క్రియా?

ఉపోద్ఘాతం

ఆంగ్లంలో స్త్రీపురుష భేదం తెలపని ఏకవచన సర్వనామంగా ‘దే’ 14వ శతాబ్దం నుండి కనిపిస్తుంది. 1850లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టం పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని నిర్దేశించి ‘హీ’కి బలమిచ్చింది. 2019లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ రచనా నియమావళి ఏడవ కూర్పు ఏకవచన ‘దే’ను సమర్థించింది. దీనిని తెలుగులో ‘వారు’ అని అనువదించడం ఎంతవరకు చెల్లుతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

గౌరవం వెనుక లింగం

‘వారు’ లింగాన్ని తెలపదు. కాని ఒకే వ్యక్తిని సూచించినప్పుడు గౌరవాన్ని జతచేస్తుంది. న్యాయమూర్తి ‘వారు’ అవుతారు. దొంగ కాడు, కాదు. ఈ చివరి రెండు మాటలే సమస్యను చూపుతున్నాయి. గౌరవం తొలగితే ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అనే రెండు రూపాలే మిగులుతాయి. రెండవది స్త్రీకీ, పశువుకూ, వస్తువుకూ ఒకటే. చిన్నయసూరి బాలవ్యాకరణం స్త్రీవాచకాలను ఏకవచనంలో అమహత్తులలో చేర్చి, బహువచనంలో మహద్వాచకాలతో సమానం చేసింది.

క్రియ పాత్ర

సంతోష్‌నగర్ వంటి హైదరాబాద్ పాతబస్తీ ప్రాంతాలలో తెలుగుతోపాటు ఉర్దూ వినిపిస్తుంది. ఉర్దూ ‘వో’కు లింగభేదం లేదు, ‘ఆయా’, ‘ఆయీ’ అనే క్రియలు దానిని తెలుపుతాయి. తెలుగు ‘తను’ స్థితీ ఇదే. అయితే ఉర్దూలో ‘నేను’ అనే వ్యక్తి క్రియకూ లింగం ఉంటుంది. తెలుగు ‘వచ్చాను’కు లేదు. అందుకే ఎ. రేవతి ఆత్మకథకు పి. సత్యవతి చేసిన అనువాదం ‘ఒక హిజ్రా ఆత్మకథ’లో, బాలుడిగా పెరిగిన కాలాన్నీ స్త్రీగా జీవించిన కాలాన్నీ ఒకే క్రియారూపం మోయగలదు. ప్రథమపురుషలో చెబితే ఆ సౌలభ్యం పోతుంది.

గ్రాంథికంలోని ‘వచ్చెను’ అతనికీ ఆమెకూ చెల్లేది. వ్యావహారికం ఆ రూపాన్ని వదిలినా ‘రాలేదు’, ‘రావాలి’, ‘రావచ్చు’ వంటివి నిలిచాయి. ‘దరఖాస్తుదారుడు సంతకం చేస్తాడు’ అనే నియమాన్ని ‘దరఖాస్తుదారు సంతకం చేయాలి’ అని రాస్తే లింగమూ ఉండదు, హోదా ప్రసక్తీ ఉండదు.

ముగింపు

కాబట్టి ‘దే’కు సమానకాన్ని సర్వనామంలో మాత్రమే వెదకడం అసమగ్రం. నియమాలకు, నిషేధాలకు తెలుగు క్రియ చాలు. జరిగిన పనిని చెప్పే చోట మాత్రం ‘వచ్చారు’ తప్ప దారి లేదు. అక్కడ లింగతటస్థత కావాలంటే దొంగకైనా, బిచ్చమెత్తుకునే మనిషికైనా గౌరవరూపం ఇవ్వవలసిందే. తెలుగు రచనకు ఇది వ్యాకరణ సమస్య ఎంతో, మర్యాదను ఎవరికి పంచాలన్న సమస్య కూడా అంతే.