రాగిరేకు బడికి చేరే దారి

1786 నుంచి స్లౌలో నివసించిన ఖగోళవేత్త విలియం హెర్షెల్, ఆయన నలభై అడుగుల దూరదర్శిని ఆ ఊరి చరిత్రలో భాగం. ఇంగ్లండు పాఠ్యప్రణాళికలో స్థానిక చరిత్ర ప్రాథమిక తరగతుల్లోనే ఉంది. కాబట్టి అక్కడి తెలుగు పిల్లలు కూడా గతాన్ని తమ ఊరి నుంచే మొదలుపెట్టగలరు. 1922లో రాజమహేంద్రవరంలో ఏర్పడిన ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని ఈ కొలబద్దతోనూ చూడవలసి ఉంది.

మండలి చేసిన పని చిన్నది కాదు. పొలాల్లో, గుళ్ళలో బయటపడిన తామ్రశాసనాలనూ శిలాశాసనాలనూ పండితుల చర్చకు నిలిపింది. ఒక్క తేదీ మారితే రాజవంశపు వరుసే మారిపోయే విద్య అది. 1926లో మొదలైన మండలి పత్రిక ప్రధానంగా ఇంగ్లీషులో వెలువడింది. ఇతర ప్రాంతాల పరిశోధకులు ఆ పాఠాలను పరీక్షించాలంటే అది అవసరమే. కాని రేకు దొరికిన రైతుకు గాని, అతని పిల్లలకు చదువు చెప్పే పంతులుకు గాని ఆ ఫలితం అందే దారి లేకపోయింది.

తెలుగులో చెప్పలేకనా? విజ్ఞానచంద్రికా మండలి 1910లోనే చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము'ను ప్రచురించింది. పరిశోధక మండలి సైతం 1930లో 'కళింగదేశ చరిత్ర'ను తెచ్చింది. రెండూ ఉద్గ్రంథాలే, పండితుల బల్ల మీద ఉండదగినవే. ఊరి శాసనాన్ని ఆ ఊరి బడికి పాఠంగా మలచడం మాత్రం మన చరిత్రకారుల సభల్లో పత్రసమర్పణ ముగిశాక వచ్చే మాటగానే మిగిలింది.