మాండలిన్ మారుతమా!

డ్రీమ్! 1995లో రియల్ వరల్డ్ రికార్డ్స్ ముద్రతో ఆల్బమ్‌గా లోకం మీదికి వెల్లువై వచ్చిన స్వరఝరీ! పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్, కెనడా బిడ్డ మైకేల్ బ్రూక్ గిటారు ఒకదాని గుండెచప్పుడు ఒకటి వింటూ కన్న కలా! నిన్ను జాజ్ అరలో పెట్టినవాళ్లున్నారు, ఫ్యూజన్ అన్నవాళ్లున్నారు, ఎలక్ట్రానిక్ సంగీతమని గీత గీసినవాళ్లున్నారు. కాలువ గట్టున పెరిగిన మేం మాత్రం నిన్ను నీళ్ల పేరుతోనే పిలుచుకుంటాం. మాకు తెలిసిన దైవాల్లో మొదటిది నీరే.

దుగ్గిరాల లాకుల దగ్గర నిలబడి చూడాలి కృష్ణమ్మను. తలుపుల వెనక ఆ నీరు కదలదు. నిండుగా, నిబ్బరంగా, నింగిని నిలువెల్లా నింపుకొని నిలుస్తుంది. తలుపులు దాటిందో, అదే నీరు నురుగై, నాట్యమై, నవ్వై, నూరు నాలుకల నాదమై దూకుతుంది. నిలిచిందీ అదే, ఉరికిందీ అదే. నీలోనూ అంతే గదా! బ్రూక్ గిటారు నీలో నిలిచిన నీరు. దాని అంచు కనపడదు, అడుగు అందదు, ఎక్కడ మొదలైందో చెవికి చిక్కదు. శ్రీనివాస్ మాండలిన్ నీలో ఉరికే నీరు. జల్లై, జారై, జిలుగై, జంకు లేని జలపాతమై దుముకుతుంది. ఆ నిలకడ లేకపోతే ఈ ఉరుకుకు లోతు లేదు. ఈ ఉరుకు లేకపోతే ఆ నిలకడకు ఊపిరి లేదు.

మాండలిన్ తీగా, నీ ఆయువు ఎంత తక్కువమ్మా! మీటగానే మెరుస్తావు, మెరిసీ మెరవకముందే మాసిపోతావు. ఇటలీలో పుట్టినప్పుడు నీకు జంట తీగల కట్టడి, మెట్టు మెట్టుకీ స్వరాల నడుమ గోడ. గమకమే ప్రాణమైన మన సంగీతం ఆ గోడల మధ్య ఎలా బతుకుతుందని పెద్దలు సందేహించారు. పసివాడైన శ్రీనివాస్ సందేహించలేదు. జంట తీగల్ని ఒంటి తీగలు చేశాడు. అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఒడిలోకి తీసుకున్నాడు. కుడిచేతి మీటు ఒక్కటే. ఆ మీటు ఆరేలోపల ఎడమచేతి వేలు తీగను పక్కకు లాగుతుంది, వదులుతుంది, మళ్లీ లాగుతుంది, పై మెట్టు దాకా జార్చుకుంటూ పోయి అక్కడ ఒక్క వణుకు వణికించి వెనక్కి తెస్తుంది. ఒక్క మీటులో నాలుగు స్వరాలు, నాలుగు స్వరాల్లో నలభై నీడలు! గోడ ఏదీ? మెట్టు ఏదీ? మిగిలింది గొంతు, గొంతు ఒక్కటే.

గొంతు కాకుండా మరేమవుతుంది? తండ్రి సత్యనారాయణ గారిది క్లారినెట్. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. పాటగా దిగిన విద్య అది, ఊపిరి పట్టి నేర్చిన విద్య. అందుకే, డ్రీమ్, నీలో ఎంత వేగం వచ్చినా ఆ వేగం వేళ్లలోంచి వచ్చినట్టుండదు. ఎక్కడో ఒకరు ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల పిల్లవాడిగా కచేరీ మెట్టెక్కినవాడు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో పరదేశపు రసికుల ముందు కూర్చున్నాడు. తరువాతి కాలంలో జాన్ మెక్‌లాగ్లిన్, జాకిర్ హుస్సేన్ల పక్కన రిమెంబర్ శక్తి బృందంలో సమఉజ్జీగా నిలిచాడు. కానీ నా మనసు వాటన్నిటినీ దాటి నీ దగ్గరికే వస్తుంది. అక్కడ అతను నలుగురితో సంభాషించాడు. నీలో అతను ఆకాశంతో సంభాషించాడు.

ఆ ఆకాశాన్ని పరిచిన చెయ్యి మైకేల్ బ్రూక్‌ది. మీటిన తీగ ఎందుకు మరణించాలన్న తపన అతనిది. తీగ వణుకును పట్టుకొని, విద్యుత్తుతో పెంచి, తిరిగి ఆ తీగకే అందించే ఏర్పాటు చేశాడు. ఇన్ఫినిట్ గిటార్ అని దాని పేరు. వాద్యకారుడు వద్దనేదాకా ఆ స్వరం వాడదు, వాలదు, వీగిపోదు. 1987లో యూటూ బృందం పాడిన విత్ ఆర్ వితౌట్ యూ పాటలో లోకమంతా విన్న తెగని నాదం ఈ సాధనానిదే. నుస్రత్ ఫతే అలీ ఖాన్ గళం చుట్టూ ఎలక్ట్రానిక్ వెలుగు నీడలు అల్లినవాడూ ఇతడే. క్షణంలో ఆరిపోయే తీగ ఒకటి, ఎన్నటికీ ఆరని తీగ ఒకటి, రెండూ నీలో ఎదురెదురుగా కూర్చున్నాయి. ఎంత గొప్ప పెళ్లిచూపులవి!

నీ సంస్థ నెలవు ఇంగ్లండులో బాక్స్ అనే పల్లె. గాయకుడు పీటర్ గాబ్రియల్ అక్కడ పాత నీటిమర చోట స్టూడియో కట్టించాడు. ఏటి నీటి మీద పిండి విసిరిన చోట ఇప్పుడు పాటలు పండుతున్నాయన్నమాట. నీటి దగ్గరికే వెళ్లావు నువ్వు, ఎంత దూరం వెళ్లినా!

యంత్రం తగిలితే రాగం మైలపడుతుందనే రసికులు మన వైపు ఇంకా ఉన్నారు. వాళ్ల భక్తికి నమస్కారమే గాని, వాళ్ల మాట ఒప్పుకోను. మన కచేరీ వేదికల మీద తంబుర పక్కన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూర్చొని ఎన్నేళ్లయింది! ఈ మాండలినే విద్యుత్తు లేకపోతే పలకదు. జాజ్ కళాకారుడైనా మన విద్వాంసుడైనా వెతికేది ఒక్కటే, ముందుగా రాసిపెట్టని క్షణం. ఆ క్షణం వచ్చేదాకా కింద శ్రుతి నిలబడి ఉండాలి. ఆ శ్రుతిని కర్ర మీది తీగ మోస్తే పవిత్రం, కరెంటు తీగ మోస్తే అపవిత్రమా? మనోధర్మానికి నేల కావాలి. నువ్వు నేలనే కాదు, దిక్కుల్నీ ఇచ్చావు. ఇంతకూ సాహసం మన వాద్యాలకు కొత్త కాదు. మా దుగ్గిరాల మండలంలోని ఈమని ఊరి పేరే ఇంటిపేరుగా గల వైణికుడు ఈమని శంకరశాస్త్రి, ఎవరెస్టు ఎక్కిన మానవుణ్ణి తలచుకొని వీణ మీద ఆదర్శ శిఖరారోహణం కట్టలేదా? ఆ వీణ మెట్ల మీదుగానే నువ్వూ పైకి ఎక్కి వచ్చావు.

పసుపు రోజుల్లో దుగ్గిరాల యార్డు చుట్టూ గాలి కూడా పచ్చగా వీస్తుంది. గోనె సంచులు, కొమ్ముల కుప్పలు, కాటా దగ్గర కేకలు, హమాలీల చెమట మీద బంగారు నుసి. ఆ చేతుల్ని కాలువలో ఎంత కడిగినా గోళ్ల చివర పసుపు మిగిలిపోతుంది. నువ్వూ అట్లాగే అంటుకుంటావు. తెనాలి నుంచి రేపల్లె పోయే రైల్లో వరిపొలాల మీది పచ్చదనంలో కలుస్తావు. బాపట్ల దాటి సూర్యలంక ఇసుకలో అడుగుపెడితే అలల వెనక అలగా, ఉప్పుగాలిలో ఊయలగా, ఒక స్వరం మీద ఇంకో స్వరంగా ఊగుతూనే ఉంటావు. చెప్పాపెట్టకుండా చెవిలోకి వస్తావు, చెప్పినా పోవు!

2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే, చెన్నైలో శ్రీనివాస్ వేళ్లు ఆగిపోయాయి. ఆ సంగతి తెలిసీ వినడం కష్టం. తెలియనట్టు వినడం ఇంకా కష్టం. క్షణంలో ఆరిపోయే తీగను మీటినవాడి పక్కన ఆరని తీగను కూర్చోబెట్టిన డ్రీమ్, ఆ బిడ్డను నీ ఒడిలో భద్రంగా దాచినందుకు నీకు దండం!

తెనాలి, బాపట్ల, రేపల్లె సంగీత సభల పెద్దలకు ఒక మనవి. ఏటా జరిపే ఉత్సవాల్లో ఒక్క సాయంత్రం ఈ ఆల్బమ్‌కు కేటాయించండి. మంచి స్పీకర్లు పెట్టించండి, మొదటి నుంచి చివరిదాకా ఆపకుండా వినిపించండి. కీబోర్డు, మాండలిన్, వయొలిన్ నేర్చుకుంటున్న పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. పాలకొల్లు పిల్లవాడు ఎంత దూరం వెళ్లాడో వాళ్లకు తెలియాలి.