ఫిల్టర్‌లో కనిపించే ముఖం ఎవరిది?

ఒక సమాజం ‘ఇది అందం’ అని ఒప్పుకొన్న కొలతను సౌందర్య ప్రమాణం అంటాం. ఆ కొలత మనతో పుట్టదు; చూడగా చూడగా కంటికి అలవాటవుతుంది. ఈ అలవాటులో సామాజిక మాధ్యమాల పాత్ర ఎంతో ఈ భాగంలో పరిశీలిద్దాం.

నీనా దావులూరి ఉదంతం

2013 సెప్టెంబరులో తెలుగు మూలాలున్న నీనా దావులూరి ‘మిస్ అమెరికా 2014’గా ఎంపికయ్యారు. భారతీయ సంతతి నుంచి ఆ కిరీటం పొందిన మొదటి మహిళ ఆమె. వెంటనే ట్విట్టర్‌లో కొందరు ఆమెను అరబ్బు అని, పరాయి మనిషి అని దూషించారు. మన దేశంలో చర్చ మరో తీరున సాగింది: ఇంత చామనఛాయ అమ్మాయి ఇక్కడి పోటీలో గెలిచేదా? అక్కడ ఆమె అమెరికన్‌లా లేదన్నారు. ఇక్కడ అందగత్తెకు ఉండాల్సిన రంగు లేదన్నారు.

ఈ వివక్షను ట్విట్టర్ పుట్టించలేదు. ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 1975లోనే మన మార్కెట్‌లోకి వచ్చింది. పెళ్లిచూపుల్లో ‘పిల్ల రంగెట్లుంది?’ అన్న ప్రశ్న అంతకన్నా పాతది. ఆమె తరవాత వర్ణవివక్షకు వ్యతిరేకంగా ప్రచారం చేయడానికీ సామాజిక మాధ్యమాలు ఉపయోగపడ్డాయి. మాటకు జవాబు చెప్పవచ్చు. మాట లేకుండా పనిచేసే ఫిల్టర్‌కు జవాబు చెప్పడం కష్టం.

ఫిల్టర్ చేసే పని

ఆర్మూరులో ఒక తరగతి ముగిశాక తీసిన ఫోటోను ఒక విద్యార్థిని నాకు పంపింది. అందులో నాతో సహా అందరం ఒకే తెలుపు. ‘నేనేం చేయలేదు సార్, ఫోనే చేసింది’ అంది.

2017లో ఫేస్‌యాప్‌లోని ఒక ఫిల్టర్ ముఖాన్ని ఆకర్షణీయం చేస్తానంటూ నల్లని ముఖాలను తెల్లబరిచింది. విమర్శలు రాగా సంస్థ క్షమాపణ చెప్పి, శిక్షణకు వాడిన చిత్రాల్లోని పక్షపాతమే కారణమని వివరించింది. అంటే యంత్రం మన పాత అభిరుచినే నేర్చుకొని మనకు తిరిగి ఇస్తోంది.

ఆర్మూరు వారికి తెలిసిన పోలిక చెబుతాను. ఎండిన పసుపు కొమ్మును డ్రమ్ములో తిప్పితే పొట్టు రాలి దాని సొంత రంగు బయటపడుతుంది. అది పాలిష్. లెడ్ క్రోమేట్ పూస్తే కల్తీ. వెలుతురును సరిచేసే కెమెరా మొదటి పని చేస్తుంది. మేనిరంగును మార్చే ఫిల్టర్ రెండోది చేస్తుంది. కల్తీ పసుపుతో మోసపోయేది కొన్నవారు. ఇక్కడ ముందుగా మోసపోయేది ఫోటో దిగినవారే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

మీ ఫోన్‌లో ‘బ్యూటీ’ సదుపాయం ఉంటే దాన్ని వాడి ఒకటి, తీసేసి ఒకటి, రెండు ఫోటోలు తీసుకోండి. మారినవేమిటో రాయండి. వాటిలో మీరు కోరినవి ఎన్ని?