గిరీశము, పార్వతీశము: లోకజ్ఞతా శీలముల విచారణ

విశ్వవిద్యాలయమున నూతనముగా ప్రవేశించు విద్యార్థిని మనము తఱచుగా అతని మాటను, వేషమును, నడవడిని బట్టి అంచనా వేయుచుందుము. జంకక మాటాడువాడు ప్రజ్ఞావంతుడనియు, తడబడువాడు మందుడనియు తలంచుట పరిపాటియైనది. ఈ తలంపు ఎంతవరకు సమంజసమో పరిశీలించుటకు మన సాహిత్యమునందలి రెండు పాత్రలు ఉపకరించునని మా అభిప్రాయము.

అమెరికన్ మనస్తత్త్వవేత్త థారన్‌డైక్ 1920లో సాంఘిక ప్రజ్ఞను నిర్వచించెను. ఇతరులను అర్థము చేసికొనుట, వారిని తన దారికి తెచ్చుకొనుట, మానవసంబంధములలో వివేకముతో మెలగుట దాని లక్షణములు. పరీక్షాశాలలో దీనిని కొలుచుట కష్టమని కూడ ఆయన గుర్తించెను. 1931లో ఆల్‌పోర్టు, వెర్నన్ అనువారు వ్యక్తుల విలువలను కొలుచుటకు వేఱొక ప్రశ్నావళిని కూర్చిరి. మన వ్యవహారమున లోకజ్ఞత, శీలము అను మాటలకును ఇట్టి భేదమే కలదు.

గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము'న గిరీశమునకు లోకజ్ఞత కొఱవడలేదు. పరీక్ష తప్పి తండ్రికి జడియుచున్న వెంకటేశమునకు గురువుగా వెంటబడి అగ్నిహోత్రావధానులు ఇల్లు చేరును. ఎవరియెదుట ఏ మాట చెల్లునో గ్రహించి, ఆ మాటయే పలికి, తుదకు బుచ్చమ్మను లేవదీసికొనిపోవును. ఇతరులను అర్థము చేసికొనుటయు, నడపుకొనుటయు ఇతనికి వెన్నతో పెట్టిన విద్య. వివేకమన్న మూడవ లక్షణము మాత్రము లేదు. మొదటి రెండు లక్షణములే చూచి సాంఘిక ప్రజ్ఞను నిర్ణయించు పరీక్ష యేదైనను గిరీశమునకు మొదటి తరగతి నీయక తప్పదు.

1924లో ప్రథమభాగము వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము'న నాయకుడు దీనికి విపరీతము. మొగల్తూరునుండి సీమచదువునకు బయలుదేరిన ఈ యువకుడు దొరటోపీ యనుకొని స్త్రీల టోపీ కొని నవ్వులపాలగును. ఇతనిని కేవల విదూషకునిగా భావించు పాఠకులు పెక్కుమంది. ఈ భావనతో మేము ఏకీభవింపలేము. కథ చెప్పుచున్నది పార్వతీశమే యన్న సంగతిని వారు విస్మరించుచున్నారు. తన పొరపాట్లను దాచుకొనక, ఇతరులపై నెట్టక, తానే నవ్వుచు చెప్పగలవాడు మందబుద్ధి కాజాలడు. నాడు తన్ను చూచి ఇతరులు ఏల నవ్విరో అతడిప్పుడెఱుగును. అతనికి లోపించినది పరిచయమే గాని ప్రజ్ఞ కాదు. పరిచయము కాలక్రమమున అబ్బినది; నిష్కాపట్యము చెడలేదు.

పార్వతీశము నేర్చుకొనెనుగదా, గిరీశము మాత్రము మాఱరాదా యని ప్రశ్న రావచ్చును. 'కన్యాశుల్కము' రెండవ కూర్పు (1909) ముగింపున సౌజన్యారావు పంతులు గిరీశమును దండనకు అప్పగింపక, బుద్ధితెచ్చుకొని చదువుకొమ్మనును. బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంపును. అనగా గిరీశమును సైతము తిరిగి విద్యార్థిని చేసి గురజాడవారు నాటకమును ముగించిరి. అతడు మాఱునో లేదో చెప్పలేదు.

ఈ రెండు కృతులను బోధించు మనము పార్వతీశమును చూచి నవ్వి, గిరీశమును చూచి ముచ్చటపడి ఊరకుందుము. తరగతిలో మొదటి వరుసన కూర్చుండు వాచాలుని యెడలను, చివరి వరుసన ఒదిగియుండు పల్లెటూరి బాలుని యెడలను మన తీర్పు ఇట్లే యున్నచో, ఆ గ్రంథములను మనమింకను చదువవలసియున్నదని మేము తలంచుచున్నాము.